తీగ లేని స్విచ్

"వారం నుంచి గుర్రుపెట్టి నిద్రపోతున్నారు. వైఫై ఆపడానికి మంచం పక్కన నేను బిగించిన స్విచ్ మహిమేనా?" నవ్వాపుకుంటూ అడిగింది ఆమె.

"మరే! రాత్రిపూట దాన్ని ఆపడం మొదలెట్టాకే, ఆ తరంగాల బెడద పోయి హాయిగా నిద్ర పడుతోంది," అన్నాడు భర్త, చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ.

విద్యుదయస్కాంత తరంగాలు ప్రాణుల్ని ఏం చేస్తాయో పరిశోధించడమే ఆమె ఉద్యోగం. ఇక ఉండబట్టలేకపోయింది.

"ఆ స్విచ్‌కి అసలు తీగే లేదండీ! వైఫై రాత్రంతా నడుస్తూనే ఉంది. మిమ్మల్ని పీడించింది తరంగాలు కాదు, మీ అనుమానం!"

ఆయన తొణకలేదు. "తెలుసు. మొదటి రాత్రే మంచినీళ్ళకి లేచి చూశా. హాల్లో రూటర్ లైట్లు మిణుకుమిణుకుమంటున్నాయి."

"మరి నిద్రెలా పట్టింది?"

"నెట్ లేదని నన్ను నమ్మించడానికి నువ్వు పెందలాడే ల్యాప్‌టాప్ మూసేస్తున్నావుగా. నా చెవి పక్కన ఆ టకటక లేదు."

ఆమె నాలుక కరుచుకుంది. ప్రయోగంలో ఒకేసారి రెండు అంశాలు మార్చకూడదని విద్యార్థులకు చీవాట్లు పెట్టేది తనే.

"ముందే చెప్పలేదేం?"

"చెప్తే మళ్ళీ తెరుస్తావుగా!"

ఆమె వెళ్ళి స్క్రూడ్రైవర్ తెచ్చింది.

"పీకేస్తున్నావా?" కంగారుపడ్డాడు.

"లేదండీ. ఈసారి నా కోసం తీగ కలుపుతున్నా."