అవల్ అంటే

"అవల్ అంటే కానీ," అంటూ గ్రేస్ బోర్డు మీద రాసింది. "ఇజ్రాయెల్‌ల పొద్దున లేస్తే వినే మాట ఇదే. ఎట్ల వాడతరో వినున్రి."

నాచారంలో చికెన్ సెంటర్ పైనున్న గది అది. ముసలివాళ్లను చూసుకునే పనికి ఇజ్రాయెల్ వెళ్లబోతున్న పద్నాలుగు మందికి గ్రేస్ అక్కడ హీబ్రూ నేర్పుతుంది. కింద ఈకలు కాలుస్తున్న కంపు కిటికీలోంచి వస్తోంది.

ఫోన్‌ను స్పీకరుకు కలిపింది. ఒక ముసలామె మూలుగు. టీవీ మోత. దాని మీదుగా ఒక ఆడమనిషి కసురుకునే గొంతు.

ఆ గొంతు వినగానే గ్రేస్‌ కిటికీ వైపు తిరిగింది. ఎన్నిసార్లు విన్నా అంతే. మాటమాటకూ ఆపి తెలుగులో చెప్పసాగింది.

"ముసలామె నీళ్లడుగుతున్నది. పనామె ఏమంటున్నది? ఇస్త, అవల్ ఇప్పుడే తాగినవ్ కదా, మళ్ల పక్క తడుపుతవ్."

రికార్డింగు కాస్త ముందుకు జరిపింది.

"పక్క తడిసింది, మార్చమంటున్నది. మారుస్త, అవల్ ఫోన్ల ఉన్న."

తర్వాత వచ్చింది ఏడుపు.

"వీపు మండుతున్నదట. తెలుసు, అవల్ నన్నేం జేయమంటవ్?"

వెనక వరుసలో దామోదర్ నోట్సు రాయడం ఆపేశాడు.

"సూసిన్రా? ముందుగాల సరే అంటది. ఎన్కనే అవల్ వస్తది. అది వచ్చినంక ఆ సరేకు విలువే లేదు."

ముందు వరుసలో పద్మశ్రీ మొహం చిట్లించింది. ఉప్పల్‌లో మంచం పట్టిన అత్తకు మూడేళ్లు అన్నీ ఎత్తిపోసిన మనిషి ఆమె.

"ఛీ! అది మనిషేనా మేడమ్? అన్నమెట్ల తింటదో!"

"తింటది."

"ముసలామె ఏమైంది?"

"వీపంత పుండ్లయి చీము పట్టింది. కొడుక్కు అనుమానమొచ్చి మంచం కింద ఫోన్ పెట్టి రికార్డ్ జేసిండు. దవాఖానల పన్నెండు రోజులున్నది. పోయింది."



"గా పనామె మనోళ్ల మనిషా?" అంది పద్మశ్రీ.

"ఆఁ. ఈడి మనిషే."

"జైల్ల ఎయ్యలేదా?"

"లేదు. పంపించేసిన్రు. మళ్ల ఏ ముసలోళ్ల దగ్గర పనికి రానియ్యలే."

"యాడుంటదో జెప్పున్రి మేడమ్. పోయి మొహం మీద ఉమ్మేసొస్త."

గ్రేస్ వద్దనలేదు. "ఉమ్మాలె," అంది మెల్లగా. చేతిలో మార్కర్‌కు మూత పెట్టింది.

"రాసుకోన్రి. నీళ్లడిగితే ముందు నీళ్లియ్యాలె. మాట తర్వాత."

అందరూ తల వంచి రాసుకున్నారు. క్లాసు అయిపోయింది. పద్మశ్రీ మెట్లు దిగుతూ ఇంకా తిడుతూనే ఉంది.

తన గొంతును ఇలా క్లాసులో వినిపించడం గ్రేస్‌కు ఇది పదకొండోసారి.