ఒక్కపూట సోమ్‌వీర్

ఛోటూ మీసం సగం గొరిగి మంగలి ఆగాడు. గోడమీది పోస్టర్ వంక చూశాడు. పోస్టర్‌లో సోమ్‌వీర్ తొడ చరుస్తున్నాడు. కింద ఎరువుల కంపెనీ పేరు.

"ఇంకాస్త సన్నగా," అన్నాడు దివాన్ సింగ్. పెద్దకొడుకు మొహాన్ని చిన్నకొడుకు మొహం మీదికి దించే పనిని ఆయన దగ్గరుండి చేయిస్తున్నాడు.

పని తేలికే. అన్నదమ్ములిద్దరిదీ ఒకే మూస. తేడా అల్లా మోకాలి దగ్గరే.

సోమ్‌వీర్ కుడి మోకాలు రెండేళ్ల క్రితం జైపూర్‌లో పోయింది. ఏడుగురి మధ్యకు కబడ్డీ కూతకు వెళ్లాడు. ఒకణ్ని తాకాడు, వెనక్కి తిరిగాడు. మనిషి తిరిగాడు, మోకాలు తిరగలేదు.

అంతకుముందు ఆ కాలి ప్రతాపం సోనీపత్ జిల్లా అంతటికీ తెలుసు. స్కూలు జట్టులో చేరిన ఏడాదే రాష్ట్రం కప్పు తెచ్చాడు. అవతలి జట్టు పిల్లలకు ఇంకా గొంతులు మారలేదు, ఇతను గడ్డం గీసుకుని బరిలోకి దిగేవాడు. అంతా పాలూ నెయ్యీ మహిమ అని దివాన్ సింగ్ అందరికీ చెప్పుకున్నాడు. తర్వాత లీగు వేలంలో సోమ్‌వీర్ ధర విని, ఊరిపెద్దలు గేదెల ధరలతో పోల్చి చూసి, మనిషే నయమని తేల్చారు. టీవీవాళ్లు 'కుర్ర సింహం' అన్నారు. తొమ్మిది సీజన్లు కుర్ర సింహమే. సింహం జుట్టుకు రంగు వేసే మనిషి మారాడు గానీ బిరుదు మారలేదు.

ఆ పాలు పితికింది ఛోటూ. ఏడో తరగతి మధ్యలో బడి మానేసి పదకొండు గేదెల వెనక చేరాడు. ఒకసారి సైన్యంలో చేరదామని రోహ్‌తక్ వెళ్లి పరుగు పందెంలో అందరికంటే ముందు వచ్చాడు. కాగితాలు చూపించమన్నారు. లేవు. ఇంటికొచ్చి అడిగితే దివాన్ సింగ్, "గేదెలు నిన్ను కాగితాలు చూపించమంటున్నాయా?" అన్నాడు. ఆ మాటకు ఇంటిల్లిపాదీ నవ్వారు. సోమ్‌వీర్ ఎక్కువ నవ్వాడు.

ఇప్పుడు ఆ సింహాన్ని ఏ జట్టూ పిలవడం లేదు. మిగిలింది ప్రభుత్వం ఒక్కటే. పతకాలు చూసి పోలీసు ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం ఇస్తామని ఉత్తరం వచ్చింది. సోమవారం పంచకులలో వైద్యపరీక్ష. గుంజీలు తీయాలి, పరుగెత్తాలి. సోమ్‌వీర్ మంచం మీంచి లేవాలంటే మంచం కోడు పట్టుకోవాలి. పరీక్ష తప్పితే ఉద్యోగం పోతుంది, ఇక బతుకంతా ఆ మంచమే.

అందుకే మంగలి.

"పట్టుబడితే జైలు ఎవరికి బాపూ?" అన్నాడు ఛోటూ.

"పట్టుబడేదేముంది? ఒక్కపూట నువ్వు సోమ్‌వీర్‌వి. చీకటి పడేసరికి మళ్లీ ఛోటూవి."

"అయినా జైలైతే నీకేం నష్టంరా," అన్నాడు సోమ్‌వీర్ మంచం మీంచి. "నువ్వు లేవని గేదెలకి తప్ప ఎవరికి తెలుస్తుంది?"

ఆ రోజంతా తండ్రీకొడుకులు ఛోటూకి పాఠం చెప్పారు. ఏ ఏడు ఏ పతకం, ఏ ఊళ్లో ఏ పోటీ. చెప్పనక్కర్లేదు, ఆ పతకాలు తుడిచేదీ అతనే. సోమ్‌వీర్‌కే రెండు చోట్ల తడబడితే ఛోటూ సరిదిద్దాడు.

"పేరేంటి?"

"సోమ్‌వీర్."

"గట్టిగా చెప్పు. దొంగలా చెప్పకు," అన్నాడు సోమ్‌వీర్.

సోమవారం ముగ్గురూ పంచకుల వెళ్లారు. కుంటుతూ కనబడితే కథ బయటపడుతుందని సోమ్‌వీర్ కారు దిగలేదు. దివాన్ సింగ్ కారు పక్కన నిలబడి దేవుళ్లందరినీ పేరుపేరునా పనిలో పెట్టాడు.

లోపల డాక్టర్ ఛోటూ చేత యాభై గుంజీలు తీయించాడు. ఊపిరి కూడా మారలేదు. మోకాలు నొక్కి చూశాడు. టీవీలో ఇది పోయిందన్నారే అని అడిగాడు.

"టీవీవాళ్లు చాలా అంటారు డాక్టర్ సాబ్."

డాక్టర్ పళ్లు చూశాడు, ఎముకల ఫోటో చూశాడు, కాగితంలో వయసు చూశాడు.

"ఇరవై తొమ్మిది. ఒళ్లు కూడా ఇరవై తొమ్మిదే. కబడ్డీ వాళ్లలో ఈ రెండూ కలిసినవాణ్ని చూడటం నాకిదే మొదటిసారి," అని సంతకం పెట్టాడు. గుమాస్తా ఫోటో తీసి, పది వేళ్ల ముద్రలూ తీసుకున్నాడు. రేపే కర్నాల్ పక్కన మధుబన్‌లో ఉన్న పోలీసు అకాడమీకి వెళ్లి శిక్షణలో చేరమన్నాడు.

ఛోటూ బయటికొచ్చాడు. కారు అద్దం దిగింది. సోమ్‌వీర్ చెయ్యి బయటికి చాచాడు.

"ఫైలు ఇటివ్వు."

ఛోటూ ఇవ్వలేదు. "రేపు అక్కడ ఈ వేళ్లే పెట్టి చూపించాలట భయ్యా," అన్నాడు.

పదిమందినీ నేల కరిపించినవాడికి ఒక్క బొటనవేలి నుంచి తప్పుకునే దారి దొరకలేదు.

"అయితే?" అన్నాడు సోమ్‌వీర్.

"అయితే నేనే వెళ్తా."

దివాన్ సింగ్ ఛోటూ చొక్కా పట్టుకున్నాడు. "సొంత అన్న పేరు, సొంత అన్న బతుకు దొంగిలిస్తావురా? మనిషివేనా నువ్వు?"

ఛోటూ ఆ చెయ్యి మెల్లగా విడిపించుకున్నాడు. ఫైలు చంకలో పెట్టుకుని, కర్నాల్ వెళ్లే బస్సెక్కాడు.

పిల్లల జట్టుకు వయసు మించిపోయిన పెద్దకొడుకును ఎలాగైనా ఆడించాలని పదిహేడేళ్ల క్రితం దివాన్ సింగ్ బడి నుంచి పట్టుకెళ్లిన సోమ్‌వీర్ అనే ఆ పేరూ, ఆ పుట్టిన తేదీ కాగితమూ అసలు చిన్నకొడుకువే.