సంచి మీద తువ్వాల

సాయమ్మ గేటు తీసిన చప్పుడుకే శోభకు ఒళ్లు మండింది.

ఇది నాలుగో రోజు. పిలవని పేరంటం!

ఆ ముసలామె పక్క వరుస క్వార్టర్లలో ఉంటుందట. పలకరింపూ లేదు, పండూ ఫలమూ లేదు. నేరుగా మొగిలి మంచం దగ్గరికి వచ్చి, అతని కడుపులోంచి వచ్చిన గొట్టం చివర వేలాడే సంచి ముందు కూలబడి, దాన్నే చూస్తుంది.

మొగిలికి హైదరాబాదులో క్లోమం ఆపరేషన్ అయి పదిహేను రోజులు.

"లోపల మెత్తగా ఉంది, కుట్టు నిలవడం కష్టం. సంచిలో నీళ్ల రంగు మీద కన్నేసి ఉంచండి" అని డాక్టరు మరీ మరీ చెప్పి పంపాడు.

శోభ కన్నేసే ఉంచింది. కానీ సాయమ్మ కన్ను వేరు. ఆమె మొగుడు ఇదే ఆపరేషన్ అయి, ఇంట్లోనే పోయాడని నిన్ననే పక్కింటి ఐలవ్వ చెవిలో వేసింది.

"బిడ్డా, గిటు రా. ఎర్రగ కనవడుతలేదా?" అంది సాయమ్మ.

"రెండు సుక్కలు. గీసుకపోయినా వస్తయి."

"నిన్న లెవ్వు గదా! జల్ది హైదరాబాద్ తీస్కపో."

సాయమ్మ మొగిలి వైపు తిరిగింది.

"తమ్మీ, నువ్వు బావిల సర్దార్‌వు. పైకప్పు కూలే ముందు ఏమైతది?"

"చిన్న పెళ్ల రాలుతది."

"గిది గదే."

బొగ్గుబావిలో చిటికెడు పెళ్ల రాలితే తన కింది గుంపునంతా బయటికి తరిమేసే మనిషి మొగిలి. అలాంటివాడు కడుపు తడుముకుని నవ్వాడు.

"గది బొగ్గు, అక్కా. గిది నా కడుపు."

సాయమ్మ కొంగుముడి విప్పి చిన్న ఫోను తీసింది.

"పెద్ద డాక్టర్‌కు నేనే చెప్త."

శోభ ఇక ఆగలేదు.

"నీ మొగన్ని మింగింది సాలదా? నా మొగని మీద పడ్డవా? ఇంకోసారి గేటు తీసినా, మా ఇంటి సంగతి ఎవ్వలికన్న చెప్పినా, ఆయన మీద ఒట్టు!"

ముసలామె చెయ్యి ఆగిపోయింది. ఇంకొకరి మొగుడి ప్రాణం మీద పెట్టిన ఒట్టు ఎలా తప్పుతుంది? ఫోను మళ్లీ ముడిలోకి పోయింది.

శోభ ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. ఎవరి కన్నూ పడకుండా సంచి మీద తువ్వాల కప్పింది. ఆ పగలూ రాత్రీ దాన్ని తీయనే లేదు.

మర్నాడు మొదటి షిఫ్టు సైరన్ వేళకు తువ్వాల ఎర్రగా తడిసి గచ్చు మీదికి కారుతోంది. అంబులెన్సు పెద్దపల్లి దాటకముందే మొగిలి పోయాడు.

శవం లేచేటప్పుడు సాయమ్మ గేటు బయటే నిలబడింది. లోపలికి అడుగు పెట్టలేదు.

"సూసినవా ఐలవ్వా, దాని కన్నే తాకింది" అని శోభ పిడికెడు దుమ్ము తీసి ఆమె మీదికి విసిరింది.

సాయమ్మ తుడుచుకోను కూడా లేదు.

మూడో రోజు డాక్టరు ఫోన్ చేశాడు.

"మొదట ఎరుపు ఎప్పుడు కనిపించిందమ్మా?"

"ఒకరోజు ముందుగాల సార్. రెండే సుక్కలు."

"అప్పుడే బయలుదేరి ఉంటే రక్తం ఆపేవాళ్లం. మీ కాలనీ సాయమ్మ రాలేదా?"

"ఆమె మీకెట్ల ఎరుక సార్?"

"మొగుడు పోయాక వచ్చింది. ఏ రంగుకు భయపడాలో నేర్పమని రెండు రోజులు నా వార్డులోనే కూర్చుంది. అప్పటినుంచి మీ వైపు నేను ఆపరేషన్ చేసి పంపిన ప్రతి ఇంటికీ తనే వెతుక్కుంటూ పోతుంది. తేడా చూసి ఆరుగుర్ని నా దగ్గరికి తిరిగి పంపింది."

"ఆ ఆరుగురు, సార్?"

"ఆరుగురూ బతికే ఉన్నారమ్మా."