ఎత్తిన చేతులు

"మున్సిపాలిటీల కలిస్తే మనకు పోయేదేమన్న ఉన్నదా బిడ్డా?" చేటలో కందులు చెరుగుతూనే అడిగింది వజ్రమ్మ.

మహేశ్వర్ చేతిలోని కరపత్రాన్ని మడిచాడు, మళ్లీ విప్పాడు.

"పోయేదేముంటది పెద్దమ్మా? అన్నీ వచ్చేటియే. రోడ్లు, మోరీలు, లైట్లు. ఐదేండ్లల్ల మనూరు గూడ తుర్కయాంజాల్ టౌను లెక్క అయితది."

"అవ్ మరి," అని ఆమె మళ్లీ కందుల మీదికి వంగింది.

అబద్ధం ఇంత సులువుగా నోట్లోంచి వస్తుందని మహేశ్వర్ అనుకోలేదు. ఊరు ఇబ్రహీంపట్నం మున్సిపాలిటీలో కలిస్తే ముందుగా పోయేది వంద రోజుల ఉపాధి పనే. అది పల్లెలకే గాని పట్టణాలకు లేదు. పన్నెండేళ్లుగా ఆ పనికి ఫీల్డ్ అసిస్టెంటుగా ఉన్నవాడికి ఆ సంగతి తెలియదంటే ఎవరు నమ్ముతారు? పనితోపాటు అతని ఉద్యోగమూ పోతుంది. సరిగ్గా అక్కడే దొరకబుచ్చుకున్నాడు సతీశ్. రోడ్డు పక్కన పొలాలు కొని ప్లాట్లు చేసి అమ్మే సతీశ్‌కు ఊరు ఎంత తొందరగా పట్టణమైతే అంత పండగ.

"కలిసేది ఎట్లన్న కలుస్తది మహేశన్నా. కాకపోతే గ్రామసభల ఒక్కరు వద్దన్నా ఫైలు లేటయితది. ఉపాధోళ్లు నీ మాట ఇంటరు. అందరితోని అవుననిపియ్. మున్సిపాలిటీల సూపర్‌వైజర్ నౌకరి నీకు పక్కా," అన్నాడు.

వింటారు, నిజమే. తవ్విన గుంత కొలతకు రాకపోతే కూలి తెగ్గోస్తారు. ముసలి చేతులు ఎంతని తవ్వుతాయి? అందుకే కొలతలకు ముందు తానే గడ్డపార పట్టి వజ్రమ్మలాంటి వాళ్ల గుంతలు లోతు చేసేవాడు మహేశ్వర్. ఏళ్ల తరబడి చేశాడు. ఆ నమ్మకాన్నే ఇప్పుడు అమ్మకానికి పెట్టాడు. తలుచుకుంటే తన మీద తనకే రోత పుట్టింది. అయినా ఇల్లిల్లూ తిరిగాడు, అందరికీ అదే అబద్ధం చెప్పాడు.

గ్రామసభ నాడు పంచాయతీ ఆఫీసు ముందు టెంటు వేశారు. ప్రత్యేకాధికారి అరుణజ్యోతి కాగితం చదివి, "ఊరు మీది, నిర్ణయం మీది. అనుమానాలుంటే అడగండి," అంది.

వెనక వరసలోంచి సుక్కమ్మ లేచింది. ఎంత పెద్ద అధికారినైనా నిలబెట్టి కడిగేసే మనిషని ఆమెకు పేరు.

"మేడం, మరి మా పని..."

వజ్రమ్మ ఆమె కొంగు పట్టి గుంజింది. "మహేశు ఇంటికొచ్చి అన్ని చెప్పిండు గదనే. కూసో."

సుక్కమ్మ అతని వైపోసారి చూసి కూర్చుంది. మహేశ్వర్ ఇప్పుడైనా నిజం చెప్పేద్దామనుకున్నాడు. సతీశ్ వైపు చూసి ఆగిపోయాడు.

"సమ్మతమైనవాళ్లు చేతులెత్తండి."

అందరికంటే ముందు వజ్రమ్మ చెయ్యి లేచింది. తర్వాత సుక్కమ్మది. ఆ వెనక కాయలు కాసిన చేతులన్నీ లేచాయి, ఒక్కటీ ఆగలేదు. సతీశ్ వచ్చి భుజం తట్టాడు. మహేశ్వర్‌కు అది చెంప మీద కొట్టినట్టే అనిపించింది.

ఇంటికెళితే అన్నం సహించలేదు. పొద్దుగూకకముందే వజ్రమ్మ గడపలో నిలబడ్డాడు.

"పెద్దమ్మా, నీకు అబద్ధం చెప్పిన. ఊరు కలిస్తే ఉపాధి పని బందయితది. నాకు ముందే ఎరికె. సతీశ్ నౌకరి ఇప్పిస్తనంటే దాచిపెట్టిన."

అతను తలెత్తలేదు.

"నీ మొఖం చూడాలంటే సిగ్గయితుంది. రేపు పొద్దుగాల మేడం దగ్గరికి పోయి అంత ఒప్పుకుంట. మళ్ల సభ పెట్టిపిస్త. ఆ సూపర్‌వైజర్ నౌకరి పోతే పోనీ."

వజ్రమ్మ మంచం మీద కాస్త జరిగి, పక్కన చోటు చూపించింది.

"గంత పని జెయ్యకు బిడ్డా. అంత మాకు ముందే ఎరికె," అంది.

"నీ నౌకరి కోసమే అందరితోటి చేతులెత్తిపిచ్చిన."