సున్నపు నేలలో గొయ్యి

సామ్రాజ్యాలు ఖడ్గం మీద నిలుస్తాయని చెప్పేవాళ్లు ఏనాడూ బకెట్టుకు చీటీ కట్టి ఎరగరు. చీటీ లేని బకెట్టులో ఎంతటి మహానగరమైనా వట్టి మట్టే.

ముప్పై ఏళ్లు బడిలో భూగోళం చెప్పినంత కఠినంగానే హెమ్దా ఈ సత్యాన్ని పురావస్తు తవ్వకాల దిబ్బ మీద బోధిస్తూ వచ్చింది. పందొమ్మిదో ఏట తొలిసారి ఇక్కడ మట్టి మోసింది. అరవై ఒకటో ఏట, పింఛను పుచ్చుకుంటూ, స్వచ్ఛందంగా మళ్లీ మోస్తోంది. ఆమె చీటీ మీద చోటు, తేదీ, పొడి సంతకం, పక్కన తోక పైకెత్తిన చిన్న చేప ఉంటాయి. అన్నీ పెన్సిలుతోనే. సిరా ఎండకు వెలిసిపోతుంది; పెన్సిలు వెలవదు.

ఆ రోజు మాత్రం ఆమె కోపానికి దిబ్బ కింద నిద్రపోతున్న ప్రాచీన ఫిలిష్తీయులు సైతం ఒత్తిగిలి ఉంటారు.

ఐదు వారాలు మోకాళ్ల మీద కూర్చుని, తాపీతో గీకి, కుంచెతో ఊడ్చి, మూడు వేల ఏళ్ల నాటి సున్నపు నేలను ఆమె వెలికి తీసింది. దాని మీద ఎరుపు నలుపు గీతల కూజా, కూజా మీద హంస. అయితే సగం హంసే. మిగతా సగాన్నీ, నేలలో మూడో వంతునూ ఎవడో నిలువు గొయ్యి తవ్వి మాయం చేశాడు.

గొయ్యి ఏ కాలానిదో తేలకపోతే ఆ గదిని 'చెదిరిన చోటు' కింద లెక్కగట్టి నివేదికలోంచి తీసేస్తామని తవ్వకాల అధిపతి తేల్చి చెప్పింది. రేపటితో తవ్వకాలు ఆఖరు. హెమ్దాకు మిగిలింది ఈ ఒక్క పూట.

ఎనిమిదిన్నరకు అందరూ నీడ గుడ్డ కింద ఉడికిన గుడ్లు, టమాటాలు, పుచ్చకాయ ముక్కల ముందు చేరారు. ఆమె గోతిలోంచి రాలేదు.

"ఎక్కి రా తల్లీ," అని కేకేశాడు షబ్తాయ్. ఒకప్పుడు బస్సు డ్రైవరు. ఇప్పుడు ఆమె తవ్విన మట్టికి జల్లెడ పట్టేవాడు. "వాడు చచ్చి ఎన్ని వందల ఏళ్లయిందో. క్షమించెయ్. గుడ్డు చల్లారిపోతోంది."

"గుడ్డు నువ్వే మింగు. వాడెవడో తేలేదాకా నాకు ముద్ద దిగదు."

"పోలీసుల్ని పిలవనా?"

"జల్లెడలో ఏమైనా పడిందా? అది చెప్పు ముందు."

"పదహారు బకెట్లు, ఒక్క పెంకు లేదు. మా ఆవిడ పూలకుండీలో కూడా ఇంత శుభ్రమైన మట్టి ఉండదు."

తవ్వడానికి గీసిన ఐదు మీటర్ల ఆ చతురస్రానికి సర్వాధికారి ఎవ్యతార్ గోతి అంచున గొంతుక్కూర్చున్నాడు. ఏడో తరగతిలో ఆమె దగ్గర చదివినవాడు. ఆమె ముందు నోరు తెరవాలంటే చెయ్యెత్తే అలవాటు ఇంకా పోలేదు.

"టీచర్, గోడలు చూడండి. దారం పట్టి కోసినట్టున్నాయి. మట్టేమో జల్లించి పోసినట్టుంది. ఇది దొంగల పని కాదేమో. పాత తవ్వకాలవాళ్లదేమో. వాళ్ల పటాలన్నీ పోయాయి కదా..."

"అయితే మరీ సిగ్గుచేటు." హెమ్దా తాపీని అతని ముక్కు వైపు గురిపెట్టింది. "దొంగకు తెలియదు, సరే. చదువుకున్నవాడికి ఏమొచ్చింది? కాళ్ల కింద నేల తెల్లగా మెరుస్తుంటే కనబడలేదా? కూజా మీద గునపం పడితే చప్పుడు వినబడలేదా? గుడ్డివాడా, చెవిటివాడా, ప్రేమలో పడ్డాడా?"

"కుర్రతనమేమో, టీచర్."

"కుర్రతనమైతే ఇంట్లో ఉల్లిపాయలు తరగాలి. వాడి పేరు నివేదికలో పడాలి. అడుగున చిన్న అక్షరాల్లో కాదు, గది పేరు పక్కనే. 'ఈ నేలను పాడుచేసిన మహానుభావుడు ఫలానా' అని. రాసుకో."

ఎవ్యతార్ రాసుకున్నాడు. టీచరు చెప్పింది రాసుకోకుండా ఉండడం అతనికి చేతకాదు. కాఫీ గ్లాసుతో అటుగా వచ్చిన అధిపతి కూడా, "అలాగే వేద్దాం," అని మాటిచ్చింది.

పదకొండింటికి గోతి అడుగు తగిలింది. మూలన ఒక సోడా సీసా, మూత బిగించి, నిలబెట్టి ఉంది.

అది ఎందుకు ఉందో ఎవరూ అడగలేదు. తవ్వకం ఆపిన చోట, తరవాతివాళ్ల ఎరుక కోసం, సీసాలో చీటీ పెట్టి మట్టి కప్పడం ఆ పనిలో ఆనవాయితీ. రేపు పెట్టడానికి హెమ్దా కూడా ఒకటి కడిగి ఉంచుకుంది.

'నేను చెప్పలేదా' అనే ధైర్యం ఎవ్యతార్‌కు లేదు. షబ్తాయ్‌కు ఉంది.

"పట్టుబడ్డాడు. ఇప్పుడైనా గుడ్డు తింటావా?"

"చదువు," అంది హెమ్దా, ఎవ్యతార్ చేతికి సీసా ఇస్తూ. "పేరు గట్టిగా చదువు. అందరూ వినాలి."

అతను చీటీని అంచులు పట్టి జాగ్రత్తగా విప్పాడు.

"'జూలై 28, 1983. ఈ చోట నేల ఏదీ కనబడలేదు. తవ్వకం ముగిసింది.'"

అక్కడ ఆగి, ఏడో తరగతిలోలాగే, చెయ్యెత్తాడు.

పెన్సిలు రాత ఏమాత్రం వెలవలేదు; దాని కింద, తోక పైకెత్తి, ఒక చిన్న చేప ఉంది.