ఆరు వరసల దిమ్మె

1994 జూన్ 13, సోమవారం. ఉదయం ఏడు గంటలకు ఉదయగిరిలోని ఒక ఆసుపత్రిలో బట్టలుతికే మిషన్లు రెండింటినీ పక్కకు జరిపి, అవి ఉన్న చోట దిమ్మె కట్టడం మొదలుపెట్టారు.

అవి నలభై ఏళ్ళ కిందట ఆసుపత్రి కట్టిన దొరలు ఓడలో తెప్పించిన మిషన్లు. గుండ్రటి తొట్టి, దాని మీద నీళ్ళు పిండే రెండు రబ్బరు రోలర్లు. కాళ్ళు తుప్పు పట్టి విరిగితే ఎవరో కోసేశారు. అప్పటినుంచి తొట్టి నేల మీదే. దుప్పటి వేయాలన్నా తీయాలన్నా వంగాల్సిందే.

సుకుమారి పంతొమ్మిదేళ్ళు వంగింది. ఈస్టరు పోయిన వారం వంగి, మళ్ళీ లేవలేకపోయింది. ఇంకా వంగితే మంచాన పడతావన్నాడు డాక్టరు. పని మానితే ఆసుపత్రి వెనక ఇచ్చిన క్వార్టర్సు గది ఖాళీ చేయాలి. ఆమెకు వేరే ఇల్లు లేదు.

ఉపాయం చెప్పింది యేసుబాబు. ఆమె అక్క కొడుకు, ఆరడుగుల మనిషి. ఆసుపత్రి జనరేటరు చూసుకుంటూ రోజుకూలీ చేస్తున్నాడు.

"నువ్వు వంగేదేంది పిన్నమ్మా, మిషన్నే పైకి లేపుదాం!"

ఆత్మకూరులోని ఆసుపత్రి కమిటీకి ఇంగ్లీషులో అర్జీ రాశాడు. ఆమె సంతకం చేసింది. తనే బస్సెక్కి ఇచ్చి వచ్చాడు. నెల తిరక్కుండా, "ఒప్పుకున్నారు" అని కబురు తెచ్చాడు. మేస్త్రీ సిద్ధయ్యనూ తనే పిలుచుకొచ్చాడు.

పని జరుగుతుంటే సుకుమారికి కాలు నిలవలేదు. గుమ్మం దగ్గరికి పోయింది, వచ్చింది, మళ్ళీ పోయింది. ఇటుకల నాలుగో వరస లేచాక మూరతో కొలిచి చూసుకుంది.

"చాలు సిద్ధయ్యా."

"ఇంకో రెండు వరసలు పెట్టన్నా," అన్నాడు యేసుబాబు.

"నాకందదు రా!"

"మోటారు అదురుకు దిమ్మె కుంగుతాది పిన్నమ్మా. అప్పుడు సరిపోతాది."

సిద్ధయ్య తాపీ ఆపాడు. "ముప్పై ఏళ్ళుగా కడతా ఉండా. నా దిమ్మె కుంగేది నేను చూళ్ళేదే."

"నువ్వు కట్టింది గోడలు. మిషన్ల సంగతి నాకిడిసిపెట్టు."

సిద్ధయ్య ఇంకో రెండు వరసలు పేర్చాడు.

నర్సుల సూపరింటెండెంటు కృపారాణి తొంగిచూసింది. "మంచి పని చేసినావు సుకుమారీ. వచ్చేవాళ్ళకన్నా సుఖం."

సుకుమారికి అది ఎత్తిపొడుపులా తగిలింది.

"వచ్చేవాళ్ళకు తొందరేంది మేడమ్? నాకింకా నాలుగేళ్ళ సర్వీసుండాది."

కృపారాణి ఏదో అనబోయింది. ఇంతలో వార్డులోంచి పిలిచారు. వెళ్ళిపోయింది.

శనివారానికి సిమెంటు ఆరింది. నలుగురు పట్టి మిషన్లను దిమ్మె మీదికి ఎక్కించారు. తొట్టి అంచు సుకుమారి రొమ్ము దాకా వచ్చింది. అడుగున ఉన్న దుప్పటి అందలేదు. మునివేళ్ళ మీద లేచినా అందలేదు.

"చెప్పినానా లేదా? నేనేమన్నా తాటిచెట్టునా?"

యేసుబాబు నవ్వి, ఎక్కడినుంచో పీట తెచ్చి వేశాడు. "కుంగేదాకా దీని మీద నిలబడు."

ఆమె పీట ఎక్కింది. దుప్పటి తీసి రోలర్ల మధ్య పెట్టింది. రెండోది పెట్టింది. పన్నెండు దుప్పట్లు పిండింది. నడుము ఒక్కసారి కూడా వంగలేదు.

"నీ కడుపు చల్లగుండ," అంది యేసుబాబుతో. అతను పానాలు సర్దుకుంటున్నాడు. తలెత్తలేదు.

సోమవారం ఉదయం ఆఫీసు గుమ్మం పక్కన కాగితం అంటించారు. ఇంగ్లీషులో ఉంది. సుకుమారి అడిగితే కృపారాణి చదివి తెలుగులో చెప్పింది.

నడుము నొప్పి వల్ల ఉద్యోగం వదులుకుంటానన్న సుకుమారి అర్జీని ఆమోదిస్తూ, ఆ పనిలోకి యేసుబాబును తీసుకుంటూ కమిటీ ఇచ్చిన ఆ ఆర్డరు మీది తేదీ జూన్ 1.