కంపెనీవాడు పెట్టింది

పెళ్లిరోజు మరిచిపోయానని లెంపలేసుకుని, మా ఆయన నాకు కొత్త ల్యాప్‌టాప్ తెచ్చారు.

దాని నిండా అడగని చెత్తే. ఆటలూ, షాపింగ్ యాప్‌లూ ఒక్కొక్కటే పీకేశాను. ఒక్కటి మాత్రం జిడ్డులా పట్టుకుని పాస్‌వర్డ్ అడిగింది.

ఆఫీసులో ఉన్న ఆయనకు ఫోన్ చేసి, "ఇదొకటి పోనంటోందండీ," అన్నాను.

"బూడిదరంగు బొమ్మ ఉన్నదేగా? కంపెనీవాడు పెట్టిందే. ముట్టుకోకు!"

రంగు నేను చెప్పలేదు.

ఆయన పుట్టినరోజు కొట్టాను. కాదంది. నా పుట్టినరోజూ కాదంది. ఉక్రోషంకొద్దీ మా పెళ్లిరోజు కొట్టాను.

తెరుచుకుంది. ఈ ల్యాప్‌టాప్‌లో నేను టైప్ చేసిన ప్రతి మాటా అందులో ఉంది. నిన్న అక్కకు రాసింది కూడా: "పాపం, మతిమరుపే గానీ మనసు వెన్నే."

పెళ్లిరోజు ఆయనకు భేషుగ్గా గుర్తుంది.